ఆరోగ్యశాఖ: సైకిలు సవారియు, చేతి తిమ్మిరియు

గడచిన సంచికలో సైకిలు తొక్కువారికి కలుగు మోకాళ్ళనొప్పులను గూర్చి ముచ్చటించితిమి. అది చదివిన సోదరీమణులు కొందరు తమ మోకాళ్ళు బాగుగనే యున్నవనియు, చేతులే తిమ్మిరెక్కి బాధించుచున్నవనియు, దీనికేదైన ఉపాయము చెప్పవలసినదనియు మాకు వ్రాసియున్నారు. కావున ఈ నెల చేతులను గూర్చి వ్రాయ దలచితిమి.

మేము ముఖ్యముగ చెప్పబోవునది రోడ్డు సైకిలును గూర్చి. సన్నని టైర్లును, పొట్టేలి కొమ్ములవలె ముందుకు సాగి క్రిందికి వంగిన హాండిలును గల తేలిక సైకిలునకు ఈ పేరు. పదునైదు, ఇరువది సంవత్సరములకు పూర్వము మన ప్రాంతములలో స్త్రీలు దీని నెక్కుట అరుదు. ఇప్పుడట్లు గాదు. హైదరాబాదులో 2023వ సంవత్సరమున బాహ్యవలయ రహదారి ప్రక్కను సౌరఫలకముల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు బాటను తెరచిరి. 200 కిలోమీటర్లను 13 గంటల 30 నిమిషములలో ముగింపవలసిన 'బ్రెవే' యను దూరపు సవారీలు మన దేశమునను జరుగుచున్నవి. వానిలో స్త్రీలును పాల్గొనుచున్నారు. ఉద్యోగమునకు పోవువారు, పిల్లలను బడికి పంపి తెల్లవారి ఒక గంట తమకొరకు మిగుల్చుకొనువారు, ఇట్టి సైకిళ్ళను కొనుచున్నారు.

అయితే కొన్న మూడు నాలుగు నెలలకే అనేక గృహములలో ఆ సైకిలు వసారాలో తడిబట్టలారవేయు దండెముగా మారుచున్నది. "చేతులు మొద్దుబారుచున్నవి, ఇది నావంటిదానికి గాదు" అని సోదరి మానివేయును. లేదా "క్రొత్తలో అట్లే యుండును, పోను పోను అలవాటగును" అని ఎవరో చెప్పగా విని, బాధను పంటి బిగువున నోర్చుకొనుచు తొక్కుచుండును. ఈ రెండును మంచివి గావు. మొదటిదానివలన చక్కని వ్యాయామము పోవును. రెండవదానివలన చేయియే చెడవచ్చును. చర్మము అలవాటు పడును, కండరము అలవాటు పడును. గాని ఒత్తిడికి నరము అలవాటు పడదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచినదంతయు ఈ మాటలోనే యున్నది. తిమ్మిరి చేతిలో కనబడినను దాని మూలము పలుమారు చేతిలో నుండదు; సీటులో నుండును.

తిమ్మిరి ఏల కలుగును?

మన తాతలనాటి నిలువు సైకిలుపై కూర్చున్నవారి శరీరభారము మిక్కిలిగా సీటుపైననే నిలుచును. చేతులు ఊరక ఆనియుండును. రోడ్డు సైకిలుపై నడుము ముందునకు వంగును. గాలిని చీల్చుకొని పోవుటకు ఆ వంపు మంచిదే. కాని దానితో శరీరభారములో కొంత భాగము అరచేతులపై బడును. ఆ భాగము మితమున నున్నంతవరకు బాధ లేదు. మితము దాటినప్పుడే చిక్కు.

చపాతీల పిండిని మర్దించునప్పుడు అరచేతి మడమతో గట్టిగ నదుముదుము గదా! హాండిలుపై బరువు పడునదియు ఆ చోటనే. ఆ మడమకు చిటికెనవ్రేలి ప్రక్కగా, మణికట్టు దాటిన వెంటనే, బఠాణిగింజవంటి చిన్న ఎముక యొకటి చేతికి తగులును. దాని ప్రక్కనుండియే అల్నారు అను నరము ఇరుకైన కాలువవంటి మార్గమున అరచేతిలోనికి పోవును. ఈ మార్గమును 1861లో ఫెలిక్సు గియోన్ అను ఫ్రెంచి శస్త్రవైద్యుడు వర్ణించెను. నేటికిని వైద్యులు దానిని గియోన్ కాలువ యనియే పిలుచుచున్నారు. అక్కడ నరమును కాపాడుటకు మందమైన కండ లేదు. హాండిలు ఒకవైపునను, ఎముక యొకవైపునను నొక్కగా నడుమ నరము నలిగిపోవును.

ఈ వ్యాధి క్రొత్తది గాదు. సైకిలు తొక్కుటవలన అల్నారు నరము దెబ్బతినుటను గూర్చి 1896లోనే ఫ్రాన్సు దేశపు వైద్యుడు ఏటియెన్ డెస్టో వ్రాసెను. 2003లో అమెరికా వైద్యులు 600 కిలోమీటర్ల సవారి చేసిన 25 మంది చేతులను పరీక్షించి చూడగా, వారిలో 23 మందికి ఏదో యొక విధమైన తిమ్మిరియో, బలహీనతయో కలిగినట్లు తేలెను. అందు గమనింపదగిన విషయము మరియొకటి కలదు. క్రొత్తగా నేర్చినవారికిని, ఏండ్లతరబడి తొక్కుచున్నవారికిని ఈ బాధలో చెప్పుకొనదగిన భేదము కనబడలేదు. అలవాటే మందైనచో ఆరితేరినవారి కిది రాకుండవలసినది గదా!

ఏ వ్రేళ్ళు తిమ్మిరెక్కుచున్నవి?

మీ బాధ యెట్టిదో మీ వ్రేళ్ళే చెప్పును. ఒకసారి శ్రద్ధగా గమనింపుడు.

చిటికెనవ్రేలును, ఉంగరపు వ్రేలిలో దాని ప్రక్క సగమును తిమ్మిరెక్కినచో నలుగుచున్నది అల్నారు నరము. బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపు వ్రేలిలో మిగిలిన సగము తిమ్మిరెక్కినచో మణికట్టు నడుమనుండి పోవు మీడియను నరము నలుగుచున్నదన్నమాట. ఈ రెండవది సైకిలు తొక్కనివారికిని కలుగును. స్త్రీలలో నిది హెచ్చు. గర్భిణులకును, మధుమేహము గలవారికిని, థైరాయిడు గ్రంథి మందగించినవారికిని మరింత సులభముగ వచ్చును. రాత్రి నిద్రలో చేయి తిమ్మిరెక్కి మెలకువ వచ్చి, చేయి విదిలించినగాని నెమ్మదింపకుండుట దీని గురుతు.

వ్రేళ్ళలో తిమ్మిరి లేక, అరచేతి చర్మము మండి బొబ్బలెక్కుట వేరొక విధము. ఇది నరమునకు గాక తోలునకు కలిగిన రాపిడి. ఇందునకు ప్రసిద్ధమైన దృష్టాంత మొకటి కలదు. ఫ్రాన్సు దేశమున పారిస్–రూబే అను సైకిలు పందెము రాళ్ళు పరచిన పాత బాటలమీదుగా నడచును. పురుషుల కా పందెము 1896లో ప్రారంభమైనది. స్త్రీలకు 125 సంవత్సరములు గడచిన పిమ్మట, 2021 అక్టోబరు 2వ తేదీన, మొదటిసారిగా నడపిరి. 116 కిలోమీటర్ల ఆ పందెమున రమారమి 29 కిలోమీటర్లు రాతిబాటలే. వానపడి బురదయైన ఆ దారిలో ఇంగ్లండు దేశస్థురాలు లిజ్జీ డైగ్నన్ 80 కిలోమీటర్లకు పైగా ఒంటరిగా ముందు సాగి గెలుపొందెను. ఆమె తొడుగులు లేని చేతులతో పట్టిన హాండిలుపై రక్తపు మరకలుండుట లోకమంతయు చిత్రములలో చూచినది. ఆమె ధైర్యము కొనియాడదగినదే. కాని అది యొక్కనాటి పందెము. ప్రతిదినము తెల్లవారి పది కిలోమీటర్లు తొక్కదలచిన మనకు ఓర్పుకంటె ఉపాయమే ముఖ్యము.

మొదట సీటును చూడుడు

మీ బరువు చేతులపై ఎంత పడుచున్నదో తెలిసికొనుటకు సులభమైన పరీక్ష యొకటి కలదు. సైకిలును గోడప్రక్కను నిలిపి, ఇంటివారిలో నొకరిని గట్టిగ పట్టుకొనుమని చెప్పి, తొక్కునప్పటివలెనే వంగి కూర్చుండుడు. పెడళ్ళు రెండును నేలకు సమముగ నుండవలయును. ఇప్పుడు రెండు చేతులను హాండిలునుండి మెల్లగ బెత్తెడు పైకెత్తుడు. నడుము నిలిచినచో మంచిదే. ఎత్తిన వెంటనే ముందునకు తూలి పడబోయినచో, మీ నడుమును నిలుపుచున్నవి మీ చేతులే యని గ్రహింపుడు. అట్టిచో తొడుగులు కొనుట, లేపనములు పూయుట మొదలగు పనులకు ముందు సీటును సరిచేయవలయును.

సీటు వాలు: సీటు ముక్కు క్రిందికి వాలియున్నచో శరీరము ముందునకు జారుచునే యుండును, జారకుండ చేతులతో వెనుకకు నెట్టుకొనుచునే యుండవలసి వచ్చును. చేతుల తిమ్మిరికి నిది తరచుగ కనబడు కారణము. సైకిలును సమమైన నేలపై నిలిపి, సీటుమీద అట్టగల పుస్తకము నొకటి పెట్టి, దానిపై తాపీపనివారి రసమట్టము నుంచి చూడుడు. బుడగ నడుమ నిలువవలయును. మరి కావలసినచో ముక్కు రవ్వంత వాలవచ్చును గాని అంతకంటె కూడదు.

ఇక్కడ మన సోదరీమణులతో ఒక మాట దాపరికము లేక చెప్పవలసియున్నది. పెక్కుమంది సీటు ముక్కును క్రిందికి వంచుకొనుట వేడుకకు గాదు. సీటు ముందుభాగము సుకుమారమైన చోట నొత్తుకొని బాధించుటచే వంచుకొందురు. దుకాణమున ఆ మాట చెప్పుటకు సిగ్గుపడుదురు. దుకాణదారుడు అడుగడు, ఈమె చెప్పదు, ఆ బాధ సీటునుండి చేతులకు దిగును. దీనికి మందు వంచుట గాదు, సీటును మార్చుట. కూర్చున్నప్పుడు బరువు మోయు పిరుదుల ఎముకలు రెండు కలవు. స్త్రీలకు వాని నడిమి దూరము సాధారణముగ పురుషులకంటె హెచ్చు. ఇంటిలోనే దానిని కొలుచుకొనవచ్చును. గట్టి మెట్టుమీద గీతలుగల అట్టపెట్టె ముక్క నొకటి పరచి, దానిపై కొంచెము ముందునకు వంగి కూర్చుండి లేవుడు. అట్టపై రెండు గుంటలు పడును. ఆ గుంటల నడిమి దూరమును కొలిచి వ్రాసికొని దుకాణమునకు తీసికొని పోయినచో, సిగ్గుపడవలసిన మాట యేదియు లేకయే, తగిన వెడల్పు గల సీటును, కావలసినచో నడుమ పల్లము గలదానిని, కోరవచ్చును.

సీటు ముందు వెనుకలు: చేతులపై బరువు పడుచున్నప్పుడు, హాండిలునకు దగ్గరగ జరిగిన మేలని తోచును. తరచుగ దీనికి వ్యతిరేకమే నిజము. సీటు మిక్కిలి ముందున్నచో శరీరభారమంతయు పాదములకు ముందునకు పోయి చేతులపై బడును. సీటును కొంచెము వెనుకకు జరిపినచో నడుము తనంతట తాను నిలుచును. కుర్చీలోనుండి లేచునప్పుడు పాదములు ఎక్కడనున్న నడుము తేలికగ నిలుచునో తలచుకొన్న నిది బోధపడును. సీటు నున్న చోట మొదట గురుతుపెట్టుకొని, ఒక్కొక్కసారికి 5 మిల్లీమీటర్లకు మించకుండ జరుపుడు. వెనుకకు జరిపిన కొలది పెడళ్ళు దూరమగును గావున సీటును రవ్వంత దింపవలసి యుండును.

సీటు ఎత్తు: మిక్కిలి యెత్తైనచో పెడలందక తుంట్లు ఇటునటు ఊగును, ఊగుచున్న శరీరమును నిలుపుటకు చేతులే పట్టుకొనవలసి వచ్చును. మడమను పెడలుపై నుంచి పూర్తిగ దింపినప్పుడు కాలు నిటారుగ చాగినచో ఎత్తు ఇంచుమించు సరియైనది. ముంగాలితో తొక్కునప్పుడు మోకాలు స్వల్పముగ వంగియుండును.

తరువాత హాండిలును చూడుడు

సీటు సరియైన పిమ్మటను చేతులు బాధించుచున్నచో హాండిలు మిక్కిలి దూరముననో, మిక్కిలి క్రిందనో యున్నదని భావింపవచ్చును. హాండిలును సైకిలుతో కలుపు మెడవంటి భాగమును స్టెమ్ము అందురు. పొడవు తక్కువగల స్టెమ్మును వేయించినచో హాండిలు దగ్గరకు వచ్చును. కొన్ని సైకిళ్ళలో స్టెమ్మును తిరుగవేసి బిగించినను, దాని క్రింద వలయములను చేర్చినను హాండిలు పైకి వచ్చును. ఈ పని ఇంటిలో చేయవలదు. ఆ మరలను ఎంత బిగింపవలయునో ఆ భాగముపైననే అంకెలలో ముద్రించియుందురు. తగిన పనిముట్టు గల దుకాణముననే చేయింపుడు. వదులైనను, మిక్కిలి బిగిసినను ప్రమాదమే.

బ్రేకు పిడులను గూర్చియు అడుగుడు. చిన్న చేతులు గలవారు పిడి నందుకొనుటకు వ్రేళ్ళను చాచి చాచి అలసిపోవుదురు. ఇప్పటి పిడులలో చాలవాటికి చిన్న మర యొకటి యుండును. దానిని త్రిప్పినచో పిడి హాండిలునకు దగ్గరగ వచ్చును. రెండు నిమిషముల పని. అడుగనిదే ఎవరును చేయరు.

సైకిలు కొలతలు చిరకాలము పురుషుల శరీరమును బట్టియే యేర్పడినవి. 1985లో అమెరికాలో జార్జీనా టెర్రీ యను వనిత, ఇంజనీరు, స్త్రీల శరీరమునకు తగిన సైకిళ్ళను చేయుటకై ఒక సంస్థను స్థాపించినది. నేడు చిన్న కొలతల సైకిళ్ళు ఎల్లెడల దొరకుచున్నవి. అయినను "ఇది స్త్రీల సైకిలు" అను చీటీని చూచి కొనవలదు. మీ ఎత్తును, చేతుల పొడవును, కూర్చున్న తీరును చూపించియే కొనుడు. అన్నగారికి గాని, భర్తగారికి గాని కొన్న సైకిలును సీటు మాత్రము దించుకొని తొక్కు సోదరీమణులకే చేతుల బాధ హెచ్చుగా నుండుట సహజము. సీటు దిగినను హాండిలు దూరము తగ్గదు గదా!

పట్టుకొను తీరు

సైకిలు సరియైనను పట్టు సరిగాకున్న ఫలము లేదు. హాండిలును పసిబిడ్డ చేయి పట్టుకొని నడిపించునంత మెత్తగ పట్టుకొనవలయును. బిడ్డ జారిపోరాదు, బిడ్డకు నొప్పియు కలుగరాదు. భయముచే బిగించి పట్టినవారి చేతులు అర్ధగంటలో అలసిపోవును.

మోచేతులు ఒకింత వంగియుండవలయును. నిటారుగ బిగిసిన చేతులలో దారిలోని ప్రతి గతుకును మణికట్టునుండి మెడవరకు సూటిగ పోవును. వంగిన మోచేయి ఆ దెబ్బను మింగివేయును. భుజములు చెవులవైపు ఎక్కిపోకుండ దింపియుంచుడు. మణికట్టు వెనుకకు విరిగి గాని, ప్రక్కకు వంగి గాని యుండరాదు; మోచేయి మొదలు వ్రేళ్ళ కణుపులవరకు ఒకే గీతగ నుండవలయును.

పొట్టేలి కొమ్ములవంటి ఆ హాండిలు వంపు అందమునకు మాత్రమే గాదు. చేతులు పెట్టుకొనుటకు అందు మూడు చోట్లు కలవు: పైనున్న అడ్డకడ్డీ, బ్రేకు పిడులపైనున్న రబ్బరు తొడుగులు, క్రింది వంపు. ఒక్కొక్కచోట అరచేతిలో ఒక్కొక్క భాగము బరువు మోయును. కావున ఐదు పది నిమిషముల కొకసారి చోటు మార్చుచుండుడు. తిమ్మిరి వచ్చినదాక ఆగవలదు. రద్దీ లేని సమమైన దారిలో ఒక చేతిని దింపి వ్రేళ్ళు నాలుగైదుసార్లు ముడిచి చాచి, పిమ్మట రెండవ చేతికిని అట్లే చేయుడు. అడ్డకడ్డీపై చేతులున్నప్పుడు బ్రేకు అందదు గనుక జనసమ్మర్దము గల వీథులలో ఆ చోటు కూడదు.

కాళ్ళు గట్టిగ తొక్కుచున్నప్పుడు శరీరము తేలికపడి చేతులపై భారము తగ్గును. నీరసముగ తొక్కునప్పుడు భారము పెరుగును. అందుచే సవారి చివరి భాగమున, కాళ్ళలసినప్పుడే, తిమ్మిరి వచ్చుచుండును. కడుపు, వీపు కండరములు బలముగ నున్నవారికి ఈ బాధ తక్కువ. ముంజేతులమీదను కాలివ్రేళ్ళమీదను బోరగిల ఆని, శరీరమును పలకవలె నిటారుగ నిలిపి, పది పదునైదు సెకనులు మొదలుకొని క్రమముగ నొక నిమిషమువరకు పెంచుకొనవచ్చును. వారమునకు మూడు దినములు చేసిన చాలును. గర్భిణులును, క్రొత్తగా ప్రసవించినవారును వైద్యుల నడిగియే చేయవలయును.

టైర్లు, పట్టీ, తొడుగులు

1860 ప్రాంతముల సైకిళ్ళకు కొయ్య చక్రములును, ఇనుపపట్టాలును ఉండెడివి. ఇంగ్లీషువారు వానికి 'ఎముకలు కుదుపునది' అని పేరుపెట్టిరి. 1888లో బెల్‌ఫాస్టు నగరమున జాన్ బాయిడ్ డన్‌లప్ అను పశువైద్యుడు తన కుమారుని మూడు చక్రముల బండికై గాలి నింపిన టైరును కల్పించెను. నాటినుండి సవారి మెత్తబడెను. ఆ గాలియే నేటికిని మన చేతులకు మొదటి పరుపు. దానిని మిక్కిలి గట్టిగ నింపినచో ఆ పరుపును రాయి చేసికొనుటయే యగును.

దుకాణములలో అందరికి నొకే రీతిగ గాలి కొట్టుదురు. 50 కిలోల బరువు గల స్త్రీకి 80 కిలోల పురుషునికి వలె గాలి అక్కరలేదు. టైరు ప్రక్కను ముద్రించిన హెచ్చు మితిని దాటరాదు. ఆ మితివరకు నింపవలయునను నియమమును లేదు. క్రమముగ కొంచెము కొంచెము తగ్గించి చూడుడు. మరీ తగ్గించినచో గతుకులలో ట్యూబు నలిగి పంక్చరగును. లోగడ రోడ్డు సైకిళ్ళకు 23 మిల్లీమీటర్ల సన్నని టైర్లే వేయుచుండిరి. ఇప్పుడు 28, 30, 32 మిల్లీమీటర్లవి సాధారణములైనవి. మీ సైకిలు చట్రమున చోటున్నచో వెడల్పు టైర్లు వేయించుట మనవంటి రోడ్లకు మేలు.

హాండిలుపై చుట్టిన పట్టీ అరిగిపోయినచో మార్పింపుడు. మందమైన పట్టీ దొరకును. తొడుగుల విషయమున మందమే మేలని యెంచవలదు. 2011లో అమెరికా పరిశోధకులు చేతిక్రింది ఒత్తిడిని కొలిచి చూడగా, క్రింది వంపున పట్టినప్పుడు చిటికెనవ్రేలి ప్రక్క ఒత్తిడి హెచ్చుగ నున్నట్లును, దిండ్లు గల తొడుగులు ఆ ఒత్తిడిని నూటికి 10 మొదలు 29 వంతులవరకు తగ్గించినట్లును తేలెను. తగ్గించునే గాని తీసివేయదని గమనింపుడు. దిండు మరీ లావైనచో హాండిలు లావై పట్టు మరింత బిగించవలసి వచ్చును. తొడుగు వ్రేళ్ళ నడుమ గాని, మణికట్టున గాని బిగువుగ నుండరాదు.

సవారి ముగిసిన పిదప

సైకిలు దిగిన సోదరి చేతులకు పురుషునికి వలె విశ్రాంతి దొరకదు. దిగిన వెంటనే పిండి కలుపవలయును, బట్టలు పిండవలయును, కూరలు తరుగవలయును. ఇవన్నియు అరచేతి మడమనే నొక్కు పనులు. తిమ్మిరి ఉన్న దినములలో ఆ నరమునకు ఇది రెండవ దెబ్బ. కావున ఆ దినములలో పిండి మర్దించు పనిని ఇంటిలో మరియొకరికి అప్పగింపుడు. అడిగినచో కాదనువారు మనము తలచినంత మంది యుండరు. ద్విచక్రవాహనము నడుపునప్పుడును, చేతిలో ఫోను పట్టుకొని చాలసేపు చూచునప్పుడును మణికట్టు వంగియుండకుండ చూచుకొనుడు. రాత్రి తిమ్మిరి వచ్చువారు మణికట్టు నిటారుగ నిలుచునట్లు మెత్తని పట్టీ కట్టుకొని నిదురించిన ఉపశమనము కలుగును.

వైద్యుని ఎప్పుడు చూడవలయును?

దిగిన కొద్ది నిమిషములలో పోవు తిమ్మిరి హెచ్చరిక మాత్రమే. పైన చెప్పిన మార్పులు చేసికొన్న చాలును. మరునాటివరకు నిలిచిన తిమ్మిరి గలవారు అది పూర్తిగ పోవువరకు సైకిలు మానవలయును. ఒకటి రెండు వారములైనను పోకున్న వైద్యునికి చూపవలయును.

తిమ్మిరి లేకున్నను చేతిలో బలము తగ్గుట మరింత భయపడదగినది. అల్నారు నరమునకు లోతున పోవు కొమ్మ యొకటి కలదు. అది వ్రేళ్ళ కండరములను కదలించునే గాని చర్మమునకు స్పర్శ నియ్యదు. అది నలిగినప్పుడు తిమ్మిరి యుండకపోవచ్చును. సూదిలో దారమెక్కించుట, రవికె గుండీలు పెట్టుకొనుట, తాళపుచెవి త్రిప్పుట కష్టమైనచో, చాచిన వ్రేళ్ళు ఒకదానితో నొకటి చేరకున్నచో, బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ చేతి వెనుకభాగమున కండ తగ్గి గుంటపడినచో ఒక్క దినమైనను ఆలసింపరాదు. మెడనొప్పితో కూడ చేయి లాగుచున్నచో మూలము మెడలో నుండవచ్చును. అదియు వైద్యునికి చెప్పవలయును. నరము ఎంత చురుకుగ పనిచేయుచున్నదో యంత్రముతో పరీక్షించి చెప్పగలరు. వేళకు ఒత్తిడి తప్పించినచో నరము సాధారణముగ కోలుకొనును. కాని అందునకు వారములు, ఒక్కొక్కప్పుడు నెలలు పట్టును.

తుదకు చేయవలసిన క్రమము నొకసారి చెప్పెదము. ఈ ఆదివారము రసమట్టముతో సీటు వాలును చూడుడు. వారము దినములు తొక్కి, చాలకున్నచో సీటును 5 మిల్లీమీటర్లు వెనుకకు జరుపుడు. మరియొక వారమునకు గాలి తగ్గించి చూడుడు. ఆ పిమ్మటనే హాండిలు, ఆ పిమ్మటనే తొడుగులు. ఒకేసారి అన్నియు మార్చినచో దేనివలన మేలు కలిగినదో తెలియదు. ప్రతి మార్పును, ఏ వ్రేలు ఎంత దూరమునకు తిమ్మిరెక్కినదో, చాకలిపద్దు వ్రాసికొను పుస్తకము చివర వ్రాసికొనుడు. వైద్యునికి గాని, దుకాణమువానికి గాని ఆ నాలుగు పంక్తులు చూపినచో "అలవాటగును లెమ్మ" ని మిమ్ము పంపివేయుట వారికి సాధ్యము గాదు.

వచ్చు సంచికలో ఎండకాలమున సైకిలు తొక్కువారు త్రాగవలసిన నీటిని గూర్చి వ్రాసెదము.